బెల్లం సీమలో హార్మోన్ల ముచ్చట్లు

నర్సీపట్నం నుంచి అనకాపల్లి వెళ్లేదారిలో చెరకు తోటలు కనిపిస్తాయి. అనకాపల్లి బెల్లం పేరు దేశమంతా తెలుసు. అందుకేనేమో, ఈ వైపు పెద్దవాళ్లు చాలామంది ‘పంచదార మానేశాను, బెల్లం టీయే తాగుతున్నా’ అని ధీమాగా చెబుతారు. బెల్లంలో కొంచెం ఇనుము, ఖనిజాలు ఉన్నమాట నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం సుక్రోజే. కడుపులోకి వెళ్లాక అది పంచదారలాగే గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. షుగరున్న మనిషికి రెండూ ఒకటే.

షుగరు కూడా హార్మోన్ల జబ్బే. అలాంటి మరో జబ్బు మీద మన ఉత్తరాంధ్ర బిడ్డ చేసిన పని ఎంత గొప్పదో తెలుసా? వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. 1956లో ఆయన బృందం ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు పంపింది. ఐదారేళ్లు గడిచేసరికి అయోడిన్ ఉప్పు తిన్న చోట గాయిటర్, అంటే గొంతు దగ్గర వాపు, దాదాపు సగానికి పడిపోయింది. మూడోచోట ఏ మార్పూ లేదు. ఫలితం తేలాక అక్కడికీ అయోడిన్ ఉప్పు పంపారు. మాత్ర మింగించలేదు, సూది పొడవలేదు, ఎవరి వంటా మార్చలేదు. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

కొండనేలల్లో వానలకు అయోడిన్ కొట్టుకుపోతుంది. అది చాలకపోతే థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోన్ తయారుచేయలేదు. తయారుచెయ్యి అంటూ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పోరుతూనే ఉంటుంది. ఆ పోరుకు థైరాయిడ్ ఉబ్బిపోతుంది. గర్భిణికి ఈ కొరత వస్తే కడుపులోని బిడ్డ మెదడుకే ముప్పు. 1962లో దేశం గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. రామలింగస్వామి తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరయ్యారు, 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఇవాళ మన వంటింట్లో ఉన్న ఉప్పు డబ్బా వెనక ఆయన కష్టం కూడా ఉంది.

మళ్లీ షుగరు సంగతికి వద్దాం. షుగరుకీ మతిమరుపుకీ చుట్టరికం ఉందా? 2007లో ముగ్గురు తెలుగువాళ్లు ఈ ప్రశ్న మీద ఒక వ్యాసం రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ కంప్యూటర్ శాస్త్రవేత్త అల్లం అప్పారావు, విశాఖ మధుమేహ వైద్యులు జి.ఆర్. శ్రీధర్, 1992 భట్నాగర్ పురస్కార గ్రహీత ఉండుర్తి నరసింహదాస్. బ్యూటిరైల్ కోలినెస్టరేజ్, ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే రెండు ఎంజైములు ఎసిటైల్ కోలిన్ అనే నాడీ రసాయనాన్ని విడగొడతాయి. ఎసిటైల్ కోలిన్ ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్) అణచిపెడుతుంది. ఎంజైములు పెరిగితే ఆ అణచివేత సడలుతుంది. టైప్ 2 మధుమేహానికీ, అల్జీమర్స్‌కీ ఈ ఎంజైముల పెరుగుదల ముందస్తు సూచన కావచ్చన్నది వాళ్ల ప్రతిపాదన. రుజువైన నిజం కాదు, పరీక్షించవలసిన ఆలోచన. డాక్టరూ కంప్యూటర్ మాస్టారూ ఒకే కాగితం మీద చేరడం నాకు ముచ్చటగా అనిపించింది.

ఇంతకీ ఈ షుగరు ఎంతమందికి ఉంది? 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్కన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్లు. పెద్దవాళ్లలో 11.4 శాతం.

వీళ్లకు చేసే ‘మూడు నెలల షుగరు’ అనే హెచ్‌బీఏ1సీ పరీక్షకు మూడు నెలలే ఎందుకంటే, ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఆ బతికినన్నాళ్లూ దాని హిమోగ్లోబిన్‌కి గ్లూకోజు అంటుకుంటూ ఉంటుంది. ఎంత అంటిందో చూసి సగటు కడతారు. కానీ సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్లలో కణాలు ఆయుష్షు తీరకముందే పగిలిపోతాయి, అందుకని ఈ లెక్క అసలు కంటే తక్కువ చూపించవచ్చు. నర్సీపట్నం దాటాక వచ్చే మన్యంలో సికిల్ సెల్ ఉంది. కాబట్టి కొండమీది నుంచి వచ్చిన మనిషి రిపోర్టులో అంకె బాగుందనిపించినా, పరగడుపు రక్తపరీక్ష కూడా చేయించాలి.