ఒక్క నిమిషం నీళ్లు

అనంతపురం సీమలోని గోరంట్ల దగ్గర చిత్రావతి నదిలో ఏడాదిలో చాలా రోజులు ఇసుకే కనిపిస్తుంది. వానలు కరుణించి చెరువు నిండిన ఏడు మాత్రం ఎక్కడి హేచరీ నుంచో చేపపిల్లలు వస్తాయి, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో. బొచ్చె, శీలావతి మన చెరువులో కేజీలకు కేజీలు పెరుగుతాయి గానీ పిల్లల్ని పెట్టవు. వాటికి పారే వరద నీళ్లు కావాలి. 1957లో హీరాలాల్ చౌధురి బృందం ఒడిశాలో చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఇలాంటి చేపలచేత గుడ్లు పెట్టించింది. సూది పని అక్కడితో సరి. ఆ తర్వాతిదంతా నీళ్ల పని.

మగచేప ఒంట్లో ఉన్నంతసేపూ వీర్యకణాలు కదలవు. అక్కడి ద్రవంలో లవణాలు ఎక్కువ. మంచినీళ్లు తగిలి ఆ సాంద్రత పడిపోగానే మేలుకుంటాయి. ఈదే వ్యవధి నిమిషం, అటూ ఇటూగా. గుడ్డుకు ఉన్నది ఒకే ఒక్క సన్నని రంధ్రం. గుడ్డు కూడా నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కాసేపట్లో ఆ రంధ్రం మూసుకుంటుంది. నిద్ర లేపేదీ నీళ్లే, తలుపు మూసేదీ నీళ్లే. అందుకే చేత్తో గుడ్లు పిండేటప్పుడు ముందు చేప ఒంటి తడి తుడుస్తారు. పొడి బేసిన్‌లో గుడ్లు, వీర్యం వేసి పక్షి ఈకతో మెల్లగా కలిపాకే నీళ్లు పోస్తారు.

ఆ నీళ్లు ఎలాంటివన్నదే అసలు ప్రశ్న. ఉప్పు మరీ ఎక్కువైతే వీర్యకణాలు మేలుకోవు. పప్పు ఉడకని, సబ్బు నురగ రాని బోరు నీళ్లు అనంతపురం సీమకు కొత్త కాదు. వాటిలోని కాల్షియం కొంత మేలే చేస్తుంది, గుడ్డు పొరను గట్టిపరుస్తుంది. కాల్షియం బాగా తక్కువైన నీళ్లలో వెండి చేప (సిల్వర్ కార్ప్) గుడ్లు వేళకు ముందే పగిలిపోతాయి. మోతాదు మించితే గుడ్డు సరిగ్గా ఉబ్బదు. లోతు నుంచి వచ్చే బోరు నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువ. పైనుంచి జల్లులా పడనిచ్చి గాలి పట్టిస్తే గానీ పిండానికి ఊపిరందదు. ఇరవై ఏడు డిగ్రీల వేడిమిలో పిల్ల బయటికి రావడానికి పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటలు పడుతుంది. అంతసేపూ ఆ ఊపిరి ఆగకూడదు.

బెంగాల్‌లోని బాంకురా కూడా మెట్ట సీమే. అక్కడ వాలు నేలకు కట్ట వేసి వాన నీళ్లు ఆపితే, ఆ కొత్త నీళ్లలో ఇవే చేపలు గుడ్లు పెడతాయి. కాబట్టి కరువు నేల కావడం ఒక్కటే అడ్డు కాదు. వాన నీళ్లలో లవణాలు తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ. బోరు ఒక్కదాన్నే నమ్మి గోరంట్లలో హేచరీ పెట్టాలనుకుంటే చేప ధర చూసుకోవడం కన్నా ముందు నీళ్ల పరీక్ష చేయించాలి.

ఫలితం కొన్ని గంటల్లోనే కంటికి తెలుస్తుంది. దోసిట్లోకి గుడ్లు తీసి చూడండి. ఉడికిన సగ్గుబియ్యంలా తేటగా మెరుస్తుంటే బతికినట్టు. ఉడకని సగ్గుబియ్యంలా తెల్లగా ఉంటే ఆ నిమిషం చేజారినట్టు.