మీకు తెలుసా? సైకిల్ చైను సాగదు, అరుగుతుంది

‘చైను సాగింది’ అని మెకానిక్‌లు అంటుంటారు. నిజానికి అందులోని ఉక్కు పలకలు సాగవు. లింకులను కలిపే పిన్నులు, వాటి చుట్టూ తిరిగే భాగాలు దుమ్ము, ఇసుక రాపిడికి అరుగుతాయి. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి వదులు చేరినా మొత్తం పొడవు పెరుగుతుంది.

• కొలత: పక్కపక్క పిన్నుల మధ్య దూరం అర అంగుళం. స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో ఉంచితే, అక్కడి నుంచి 24వ పిన్ను మధ్యభాగం కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది 1/16 అంగుళం ముందుకు జరిగితే అరుగుదల సుమారు 0.5 శాతం, 1/8 అంగుళమైతే సుమారు 1 శాతం.

• మార్చే సమయం: వెనక పళ్ల చక్రాలు 11 లేదా 12 ఉన్న సైకిళ్లకు సాధారణంగా 0.5 శాతం, 10 లేదా అంతకు తక్కువ ఉంటే 0.75, గేర్లు లేని సైకిళ్లకు 1 శాతం.

• ఆలస్యమైతే: అరిగిన చైను చక్రాల పళ్లనూ అరగదీస్తుంది. ఆ పళ్ల మీద కొత్త చైను వేస్తే, గట్టిగా తొక్కినప్పుడు జారిపోతుంది.

• షాపు సలహా: చైనులోని రోలర్లను (పళ్లకు ఆనే చిన్న గొట్టాలను) నెట్టి కొలిచే కొన్ని గేజ్‌లు అరుగుదలను ఎక్కువ చేసి చూపుతాయి. అందుకే స్కేలుతోనూ సరిచూడమని అడగవచ్చు. కొత్త చైను ఏ గేరులోనూ జారకపోతే ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాలు) మార్చనక్కర్లేదు.