లిబర్టేరియన్

లిబర్టేరియన్ అనే ఆంగ్ల పదానికి స్థూలంగా "స్వేచ్ఛను అన్నిటికంటె ముఖ్యమైన విలువగా భావించేవాడు" అని అర్థం. తెలుగులో దీనిని స్వేచ్ఛావాది అని అనువదిస్తుంటారు. అయితే దేశకాలాలను బట్టి ఈ పదం వేర్వేరు అర్థాలలో, కొన్నిసార్లు పరస్పర విరుద్ధంగా కూడా వాడబడింది.

వ్యుత్పత్తి

లాటిన్ భాషలో "లీబెర్" అంటే బానిస కానివాడు. దాని నుండి "లీబెర్తాస్" (స్వేచ్ఛ), ఆంగ్లంలో "లిబర్టీ" ఏర్పడ్డాయి. లిబరల్ (ఉదారవాది), లిబర్టైన్ (విచ్చలవిడిగా ప్రవర్తించేవాడు) అనే పదాలకు మూలం ఇదే అయినా అర్థాలు వేరు.

తత్త్వశాస్త్రంలో

1789లో ఆంగ్ల రచయిత విలియం బెల్షామ్ తన వ్యాసాలలో ఈ పదాన్ని వాడాడు. మనిషి చేసే ప్రతి పనీ పూర్వ కారణాలచేత ముందే నిర్ణయింపబడుతుందనే నియతివాదాన్ని కాదని, మనిషికి ఇచ్ఛా స్వాతంత్ర్యం ఉందని నమ్మేవారు అని ఇక్కడ అర్థం. తత్త్వశాస్త్రంలో ఈ అర్థం నేటికీ నిలిచి ఉంది.

ఫ్రెంచి వాడుక

1857లో ఫ్రెంచి అరాచకవాది జోసెఫ్ దెజాక్, స్త్రీలకు సమాన హక్కులను నిరాకరించిన ప్రూధోఁను విమర్శిస్తూ వ్రాసిన లేఖలో "లిబెర్తేర్" అనే పదాన్ని వాడాడు. 1858 నుండి 1861 వరకు న్యూయార్కులో అదే పేరుతో ఒక పత్రికను నడిపాడు. 1893-94లలో ఫ్రాన్సులో అరాచకవాద ప్రచారాన్ని నిషేధిస్తూ చట్టాలు వచ్చాయి. అప్పుడు అరాచకవాదులకు ఈ పేరు ఆశ్రయమైంది. 1895లో సెబాస్టియన్ ఫార్ అదే పేరుతో మరొక పత్రికను ప్రారంభించాడు.

అమెరికాలో

అమెరికాలో "లిబరల్" అనే పదం క్రమంగా ప్రభుత్వ జోక్యాన్ని సమర్థించేవారికి చెల్లింది. అందుచేత పరిమిత ప్రభుత్వాన్ని, స్వేచ్ఛా విపణిని కోరేవారు తమను లిబర్టేరియన్లుగా పిలుచుకోవాలని 1955లో డీన్ రస్సెల్ సూచించాడు. 1971లో లిబర్టేరియన్ పార్టీ ఏర్పడింది. 1974లో రాబర్ట్ నోజిక్ గ్రంథం ఈ వాదానికి విశ్వవిద్యాలయాలలో గుర్తింపు తెచ్చింది.

అర్థభేదం

వ్యక్తిపై అధికారం చెలాయించడాన్ని ఇరువర్గాలూ వ్యతిరేకిస్తాయి. భేదం ఆస్తి విషయంలో ఉంది. నోజిక్ వంటివారికి ఆస్తి హక్కు స్వేచ్ఛలో భాగం. తనను లిబర్టేరియన్ సోషలిస్టుగా చెప్పుకున్న నోమ్ చోమ్‌స్కీ వంటివారి దృష్టిలో కార్మికునిపై యజమాని అధికారం కూడా స్వేచ్ఛకు ఆటంకమే.

భారతదేశంలో 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీ ప్రభుత్వ నియంత్రణలను వ్యతిరేకించింది. దాని తొలి అధ్యక్షుడు ఆచార్య ఎన్.జి.రంగా. అయితే ఆ పార్టీని సాధారణంగా ఉదారవాద పార్టీగానే పేర్కొంటారు. కనుక ఈ పదం ఎదురైనప్పుడు వ్రాసినవారి దేశమూ, కాలమూ గమనించి అర్థం చెప్పుకోవలసి ఉంటుంది.