కదలని కాళ్లు – రక్తనాళములు

బాలింత నెల దినములు మంచము దిగరాదని మన పెద్దలు నియమించిరి. ఆ నియమములో దయ యున్నది. ప్రసవవేదన పడిన తల్లిచే కడవ లెత్తింపక, రుబ్బురోలికడకు పోనీయక, వేడియన్నము పెట్టి కంటినిండ నిద్రపోనిచ్చుట మంచి యాచారము. అయితే పనినుండి విరామ మిచ్చుట వేఱు, కదలికనే మాన్పించుట వేఱు. ఈ భేదమును గుర్తింపకపోవుటవలన ప్రాణాపాయము గూడ కలుగవచ్చును గనుక సోదరీమణు లిందలి సంగతి కొంచెము శ్రద్ధగా వినవలయును.

గుండె నెట్టిన రక్తము ధమనుల ద్వారా పాదముల వఱకు దిగుట సులభమే. సిరల ద్వారా మరల పైకెక్కుటయే కష్టము. నూతిలోని నీరు తనంత తాను గట్టునకు రాదు గదా! ఇచ్చట చేదవేయు పని పిక్కల కండరములది. మనము అడుగు వేసినపు డెల్ల అవి బిగిసి, తమ నడుమనున్న సిరలను పిండును. సిరలలో అక్కడక్కడ చిన్న తలుపులవంటివి గలవు. అవి గుండెవైపునకే తెఱచుకొనును గాన, పైకెక్కిన రక్తము క్రిందికి జారదు. విలియం హార్వే యను ఆంగ్లేయ వైద్యుడు 1628లో ప్రకటించిన గ్రంథములో, రక్తము శరీరమున చుట్టి తిరుగుచున్నదనుటకు ఈ తలుపులనే యొక ముఖ్యసాక్ష్యముగా చూపెను.

కాళ్లు కదలనిచో ఈ చేద ఆగిపోవును. రక్తము పిక్కలలో మందగించును, పాదములు వాచును, ఒక్కొక్కప్పుడు లోతైన సిరలో రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ తునిగి ఊపిరితిత్తులకు పోయి చిక్కుకొన్నచో మరణమే సంభవింపవచ్చును. 1940లో లండను నగరముపై బాంబులు పడుచుండగా జనులు నేలమాళిగలలో దాగి, గుడ్డకుర్చీలలో రాత్రులు గడపిరి. కుర్చీ యంచు తొడల క్రింద నొత్తుకొనుచుండెను. కదలుటకు చోటు లేదు. బాంబు తగులకయే అట్లు కొందఱు ఊపిరితిత్తులలో గడ్డ చేరి మరణించిరని కీత్ సింప్సన్ అను వైద్యుడు ఆ యేడే లాన్సెట్ పత్రికలో వ్రాసెను.

ఇక బాలింత మాట. ప్రసవకాలమున రక్తస్రావ మాగుటకై స్త్రీ రక్తమునకు గడ్డకట్టు స్వభావము సహజముగానే హెచ్చును. కాన్పు తరువాత ఆఱు వారముల వఱకు ఈ భయ మధికము. కడుపు కోసి బిడ్డను తీసినచో మఱింత యధికము. అట్టి సమయముననే ఆమెను మంచమునకు కట్టివేసినట్లుంచుట ఎంత ప్రమాదము! పాశ్చాత్యులును ఈ విషయమున మనకంటె తెలివిగలవారు కారు. వారి ఆసుపత్రులలోను బాలింతలను పది దినములు, అంతకు మించియు పరుండబెట్టుచుండిరి. 1940 ప్రాంతముల తరువాతనే త్వరగా నడిపించు పద్ధతి వ్యాపించినది. వైద్యుడు వలదనని పక్షమున, కాన్పయిన మఱునాటికైనను తల్లిని పట్టుకొని గదిలో నాలుగడుగులు వేయింపవలయును.

ఇంకొక హెచ్చరిక. బాలింతకు నూనె రాచి ఒళ్లు పట్టుట మన యిండ్లలో వాడుక. కాని ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పి పెట్టి, వెచ్చబడి యెఱ్ఱనైనచో ఆ కాలిని ఎంతమాత్రము మర్దన చేయరాదు. లోపలి గడ్డ కదలవచ్చును. వెంటనే వైద్యునికి చూపవలయును. హఠాత్తుగా ఆయాసము, ఎదలో పోటు కలిగినచో గంటసేపైనను తడయరాదు.

సిరలకే గాక ధమనులకును కదలిక యవసరము. ధమని లోపల నొక సన్నని పొర గలదు. రక్తము వడిగా ప్రవహించి తన్ను రాచినపుడు ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును పుట్టించును. దానివలన నాళము సడలి వెడల్పగును. ఈ రహస్యమును కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ప్రవాహము మందగించినచో ఆ పొర తన పని మఱచును. ఇండియానా విశ్వవిద్యాలయమువారు 2014లో వెల్లడించిన పరీక్షలో ఆరోగ్యవంతులైన యువకులను మూడు గంటలు కూర్చుండబెట్టిరి. వారి కాలి ధమనికి విప్పారు శక్తి తగ్గెను. గంట కొకమాఱు ఐదేసి నిమిషములు మెల్లగా నడిచిన దినమున తగ్గలేదు.

లండను బస్సులలో దినమెల్ల కూర్చుండు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెరెమీ మోరిస్ 1953లో చూపెను. డ్రైవర్లు మొదటినుండియే లావుపాటివారని పిమ్మట తేలినది గాన ఆ భేదమంతయు కుర్చీదే యనుట న్యాయము గాదు. కాని కొంత దానిదే.

“మేము ఉదయము మొదలు ఇంటిచాకిరి చేయుచునే యుంటిమి గదా” యని కొందఱనవచ్చును. నిజమే; తిరగలి, రోకలి, చేద యున్న దినములలో ఆ మాట చెల్లును. ఇప్పుడు మీట నొక్కిన పిండి యగుచున్నది, బట్టలు తెల్లనగుచున్నవి. ఆ యంత్రములను నిందింపను. అవి స్త్రీలకు మహోపకారము చేసినవి. మిగిలిన కాలములో కొంత నడకకు కేటాయించినచో చాలును. వారమునకు 150 నిమిషములకు తక్కువ గాకుండ చుఱుకుగా నడువవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. కుట్టుపనియో, కార్యాలయములో వ్రాతపనియో, టెలివిజనో మిమ్ము కూర్చుండబెట్టినచో గంట కొకమాఱు లేచి నాలుగు వైపుల తిరిగి రండు. మోకాళ్లు పట్టి లేవలేని అత్తగారు, అమ్మమ్మగారు కూర్చున్నచోటనే మడమ లెత్తుచు దించుచు, పాదములను ముందు వెనుకలకు వంచుచుండవచ్చును. రైలులో, బస్సులో రాత్రియంతయు ప్రయాణము చేయువారికిని ఇదియే పద్ధతి.