పేరు, తరగతి, బడి

పిల్లలు రాసింది టీచరు ఒక్కరే కాక ఊరూవాడా చదివితే? చెన్నేకొత్తపల్లి బడిలో ఆ పని 2008లోనే మొదలైంది.

ఎడిటర్ అప్పగించిన పని పైకి తేలిగ్గానే కనిపించింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు బళ్ళు, బ్లాగులతో చదువు, శుక్రవారానికల్లా ముఖచిత్ర కథనం. టీచర్ల బ్లాగులకు తెలుగులో కొదవేమీ లేదు. జీవోలు, పీఆర్సీ లెక్కలు, డీఏ అరియర్ల పట్టికలు, బదిలీల కబుర్లు, పదో తరగతి మోడల్ పేపర్లు. ఉద్యోగికి అక్కరకొచ్చే సరుకే అంతా. పిల్లలు సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు కావాలంటే మాత్రం చాలా దూరం వెతకాలి.

అంత దూరం వెళ్ళనక్కర్లేకుండా ధర్మవరానికీ పెనుకొండకూ నడుమనే అవి దొరికాయి.

బెంగళూరు హైవే మీద చెన్నేకొత్తపల్లి. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇక్కడ నడిపే బడి పేరు ప్రకృతి బడి. అక్కడి నుంచే 2008లో 'కొత్తపల్లి' అనే పిల్లల పత్రిక బయల్దేరింది. అచ్చులో ఒకవైపు, నెట్‌లో పైసా అడక్కుండా మరోవైపు. దీన్ని బ్లాగు అనడానికి ఒప్పుకోని వాళ్ళుంటారు, సరే. తరగతి గదిలో బ్లాగు పెట్టి ఏం సాధించాలని పెద్దలు ఉపన్యాసాలిస్తారో, అది ఈ పత్రిక హడావుడి లేకుండా చేసి చూపించింది.

పాత సంచికలు తిరగేస్తుంటే కథ కన్నా ముందు పేరు దగ్గరే చూపు ఆగుతుంది. రాసినవాళ్ళ పేరు, పక్కన తరగతి, ఆ పక్కన బడి. ఏడో తరగతి, ప్రకృతి బడి. పెద్ద రచయితలకు బిరుదులు వేసేచోట వీళ్ళకు తరగతి వేశారన్నమాట. కొన్నిటికి 'రచన' అనీ, కొన్నిటికి 'సేకరణ' అనీ ఉంటుంది. సేకరణ అంటే కథ తనది కాదు, ఎవరో చెబితే విని రాసుకొచ్చింది. ఎవరి కథకు ఎవరు హక్కుదారో పన్నెండేళ్ళకే నేర్పే పద్ధతి ఇది. విశ్వవిద్యాలయాల్లో థీసిస్ రాసే కొందరికి ఇది ఇంకా ఒంటబట్టలేదు.

అన్నిటికన్నా ముచ్చటైనది 'బొమ్మకు కథ'. పత్రికలో ఒక బొమ్మ వేస్తారు. దాని కింద కథ ఉండదు, ప్రశ్నలుండవు, 'కింది పదాలను ఉపయోగించి' అనే షరతు ఉండదు. కథ పిల్లలే రాసి పంపాలి. బాగున్నవి తర్వాతి సంచికల్లో వస్తాయి, పేరూ తరగతీ బడీ సహా. ఒకే బొమ్మ చూసి ఇద్దరు పిల్లలు రెండు దారుల్లో వెళ్ళిపోతారు. ఒకరి కథ పక్కన ఇంకొకరిది చదివితే, పదిమంది ఒకే గైడు చూసి రాసిన వ్యాసాలు దిద్దే టీచరుకు ప్రాణం లేచొస్తుంది.

ఎందుకంటే మామూలు బడిలో జరిగేది వేరు. తెలుగు పాఠం చివర 'ప్రాజెక్టు పని' ఉంటుంది. మీ ఊరి గురించి సేకరించండి, పెద్దల్ని అడగండి, తరగతిలో ప్రదర్శించండి. అడిగింది చక్కగానే ఉంది. ఫార్మేటివ్ పరీక్ష దగ్గరపడేసరికి అది గైడులోంచి ఎక్కించిన నాలుగు పేజీలూ, స్టేషనరీ కొట్టులో కొన్న బొమ్మల షీటూ అయి కూర్చుంటుంది. మూల మీద ఎర్ర టిక్కు, సంతకం, మార్కులు. ఆ పుస్తకం మళ్ళీ ఎవరూ తెరవరు. చదివేవాళ్ళు లేరని పిల్లలకు బాగా తెలుసు, అందుకే అలా రాస్తారు.

రాయడానికి సరుకు లేక కాదు. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్లను కదిపి చూడండి. పురుగు నాలుగుసార్లు పాత చర్మం విడుస్తుంది. మేత మానేసి తలెత్తి కదలకుండా ఉండే ఆ ఘడియను రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు ఎంత మల్బరీ ఆకు వేసినా చాలదు. నమిలే చప్పుడు షెడ్డంతా వాన చినుకుల్లా వినిపిస్తుంది. పండిన పురుగును అదును చూసి గూళ్ళు అల్లుకునే చంద్రికల మీదికి ఎక్కించాలి, ఆలస్యమైతే గూడు దెబ్బతింటుంది. ధర్మవరంలో కండెలు చుట్టే పిల్లవాడికి పడుగేదో పేకేదో ఒకరు చెప్పాలా? పెనుకొండ పిల్లలు ఓ పక్క విజయనగర రాజుల కోట, ఓ పక్క ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ చూస్తూ పెరుగుతున్నారు. 2019 ఆగస్టులో అక్కడ మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చిన నాటి నుంచి ఊరెలా మారిందో వాళ్ళు రాస్తే చదవనివాళ్ళెవరు?

పిల్లల రాత బడి గోడ దాటిన చరిత్ర గబగబా చెప్పాలంటే ఇంతే. 1924లో ఫ్రాన్సులో సెలెస్టెన్ ఫ్రెనే అనే పల్లెటూరి టీచరు చిన్న ముద్రణ యంత్రం కొని, పిల్లల రాతలు పిల్లలచేతే అచ్చువేయించి, దూరాన ఇంకో బడికి పంపాడు. అవతలి బడివాళ్ళు తమవి పంపారు. 1999లో బ్లాగులు పెట్టుకునే బ్లాగర్ సైటు వచ్చింది, 2003లో గూగుల్ కొనేసింది. 2006 నాటికి 'లేఖిని', 'కూడలి' వచ్చి తెలుగులో టైపు చేయడం, చదివేవాళ్ళను చేరడం సులువయ్యాయి. ఆ ఊపు బడి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

ఇప్పుడు మొదలుపెట్టాలంటే అడ్డంకులు నిజమైనవే. గూగుల్ ఖాతాను సొంతంగా నడపాలంటే 13 ఏళ్ళు నిండాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. కాబట్టి ఖాతా టీచరు పేర ఉండాలి, పిల్లలు కాగితం మీద రాయాలి, వారానికి రెండో మూడో టైపు చేసి పెట్టాలి. ఫొటోలు వద్దు. ఇంటిపేరు లేకుండా పేరూ తరగతీ వేస్తే చాలు. ఇంకో చిక్కుంది. టీచరు ముందే తప్పులన్నీ దిద్ది, ఇంట్లో అవ్వ నోట విని పిల్లలు రాసిన మాటను పుస్తకం భాషలోకి మార్చేస్తే, పెట్టింది బ్లాగైనా గోడపత్రికైనా మళ్ళీ ఎర్ర టిక్కు కథే.

బాక్సు 1: చూడ్డానికే ట్యాబు

2022 డిసెంబరు 21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. లోపల బైజూస్ కంపెనీ పాఠాలు. పిల్లలు దారితప్పకుండా మిగతా సైట్లకు తాళం. ఆ జాగ్రత్త అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ పథకంలో పిల్లలకు దక్కిన పని ఎక్కువగా చూడటమే, రాసింది పదిమందికి చూపించే దారి లేదు. 2024 జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది.

బాక్సు 2: పళ్ళెం చూసి మార్కులు

2012 వసంతంలో స్కాట్లాండులో తొమ్మిదేళ్ళ మార్తా పేన్ రాత నేర్చుకోవడానికని తండ్రి సాయంతో 'నెవర్ సెకండ్స్' బ్లాగు పెట్టింది. బడిలో పెట్టే భోజనం ఫొటో తీసి, దానికి మార్కులు వేసేది. రుచికెంత, ఆరోగ్యానికెంత, ఎన్ని ముద్దలొచ్చాయి, వెంట్రుకలెన్ని. ఒక పత్రిక వంటవాళ్ళను పీకేయాలన్న అర్థం వచ్చేలా శీర్షిక పెట్టడంతో స్థానిక కౌన్సిల్ జూన్‌లో ఫొటోలు నిషేధించింది. గోల రేగి మర్నాడే నిషేధం ఎత్తేశారు. ఈ గొడవలో ఆ పిల్ల మేరీస్ మీల్స్ అనే సంస్థ కోసం తలపెట్టిన విరాళాలు లక్ష పౌండ్లు దాటి, మలావీలో ఒక బడికి వంటశాల వచ్చింది. ఇక్కడి బళ్ళలో గుడ్డు, చిక్కీ, రాగిజావ వడ్డిస్తున్నారు. వాటికి పిల్లలచేత మార్కులు వేయించే ధైర్యం ఏ హెడ్మాస్టరుకుందో చూడాలి.