చేసిన బండి, కొన్న బండి: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత ఆటవస్తువులు - పదసంపద

1. ప్రవేశిక:

బాల్యస్మృతుల రచనల్లో ఆటబొమ్మల ప్రస్తావన తరచుగా ఒకే తీరులో సాగుతుంది. నాటి మట్టిబొమ్మలు, బొంగరాలు, గోలీలు ఒకవైపు, నేటి ప్లాస్టిక్ బొమ్మలు, సెల్‌ఫోన్ ఆటలు మరొకవైపు నిలుస్తాయి. మొదటివి మంచివనీ, రెండవవి చెడ్డవనీ ముందే తీర్మానమై ఉంటుంది. ఈ మార్పులో నిజంగా పోయినది ఏమిటన్న ప్రశ్నకు మాత్రం అక్కడ సమాధానం దొరకదు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ఆటవస్తువుల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పని నుంచి పుట్టిన ఆటవస్తువులు:

ఆదోని పత్తి వ్యాపారానికీ, ఎమ్మిగనూరు చేనేతకూ పేరొందాయి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప కృషితో 1938లో చేనేతకారుల సహకార సంఘం ఏర్పడింది. చుట్టుపక్కల పల్లెలకు జొన్న, పత్తి, వేరుశనగ సేద్యమే ఆధారం. పిల్లల ఆటవస్తువులకు కావలసిన సరుకు ఈ పనుల నుంచే దొరికేది. కోత అయ్యాక మిగిలిన జొన్నదంటును చీల్చి, పైబెరడును పుల్లలుగా, లోపలి బెండును ముక్కలుగా వేరుచేసి, పుల్లలను బెండులో గుచ్చి బండి కట్టేవారు. నేత ఇళ్లలో నూలు అయిపోయిన కండెలే ఆటవస్తువులయ్యేవి.

జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు మట్టితో ఎద్దులను చేసి పూజించే ఆచారం ఈ సరిహద్దు ప్రాంతంలో ఉంది. దీనిని కన్నడంలో ‘మణ్ణెత్తిన అమావాస్యె’ అంటారు. మణ్ణు అంటే మట్టి, ఎత్తు అంటే ఎద్దు. పెద్దలకు పూజావస్తువైన మట్టి ఎద్దు పిల్లల చేతిలో ఆటవస్తువు కూడా.

కొన్న బొమ్మ కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వంటి సందర్భాల్లో అంగళ్ల ముందు పిల్లలు మారాం చేయడం పాత తరాలకూ తెలుసు. అయితే కొన్న బొమ్మ జాతరనాటిది, చేసిన బొమ్మ నిత్యజీవితంలోనిది.

3. వస్తువుతో పాటు పదం:

దంటుబండి కట్టే పిల్లవాడు దాని భాగాలను పేర్లతో పిలవక తప్పదు. ఇరుసు పొట్టిదైతే చక్రం సరిగా తిరగదు. చీల పెట్టకపోతే ఊడిపోతుంది. నొగ లేనిదే కాడికి ఆధారం లేదు. ఈ పదాల అర్థం అతనికి నిర్వచనంగా కాక పనిగా తెలుస్తుంది. కండెతో ఆడుకున్న పిల్లకు నాడె, పడుగు, పేక అన్న మాటలు కూడా అలాగే అబ్బుతాయి. కొన్న బొమ్మ పూర్తి వస్తువుగా చేతికి వస్తుంది కనుక దాని భాగాలకు పేర్లు అవసరం కావు.

భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లోనూ, చేనేత సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. పని చేసేవారి నోటి నుంచే పదాన్ని సేకరించడం ఆ కోశం పద్ధతి. దానిని ఆటవస్తువులకూ వర్తింపజేయవచ్చు. రాయలసీమలో చిల్లాకట్టె, కోస్తాలో బిళ్లంగోడు, తెలంగాణలో చిర్రగోనె అన్న పేర్లు ఒకే ఆటకు ఉండటం ఈ రంగంలో మాండలిక వైవిధ్యం ఎంత ఉందో చూపుతుంది.

4. స్మృతి పరిమితులు:

గతాన్ని తలచుకునేటప్పుడు మరుగునపడే విషయాలు రెండున్నాయి. మొదటిది పేదరికం. చాలా ఇళ్లలో బొమ్మ చేసుకోవడం ఇష్టం వల్లనే కాక కొనలేకపోవడం వల్ల కూడా జరిగింది. రెండవది శ్రమ. సంకర పత్తి విత్తనోత్పత్తి చేలల్లో పూలను సంపర్కం చేయించే పనికి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెట్టడం కర్నూలు జిల్లాలో నమోదైన వాస్తవం. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల వెంట బడి మాని వెళ్లే పిల్లలకు అచ్చనగాయలు ఆడే తీరిక ఎంత ఉంటుందో ఊహించవచ్చు. ‘మా బాల్యం’ అన్న మాటలో ఎవరి బాల్యం ఉందో పరిశోధకుడు అడగవలసి ఉంటుంది.

5. ముగింపు:

సేద్యంలో ఎద్దుల స్థానాన్ని ట్రాక్టరు ఆక్రమించాక దంటుబండి వెనుకబడటం సహజం. దానిని మాత్రమే నష్టంగా లెక్కించడం సరికాదు. తెగిన చెప్పుల రబ్బరుతో చక్రాలు కోసి ట్రాక్టరు చేసుకునే పిల్లవాడు, ప్లాస్టిక్ ఎడ్లబండిని కొనిపించుకున్న పిల్లవాడి కంటే, నాటి దంటుబండి కట్టినవాడికి దగ్గరివాడు. అతని నోట ‘ట్రాలీ’, ‘స్టీరింగు’ అన్న మాటలు వచ్చినా అవి చేతిపనితో ముడిపడిన మాటలే. కనుక పోతున్నది ఫలానా బొమ్మ కాదు, చేయడమూ, చేస్తూ పేరు పెట్టడమూ.

ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అమ్మకానికి రాని దంటుబండికి అటువంటి రక్షణ సాధ్యం కాదు. దానిని కట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. వారిచేత మరొకసారి బండి కట్టించి, ప్రతి భాగం పేరునూ, కట్టే క్రమాన్నీ వారి మాటల్లోనే నమోదు చేయడం ఈ ప్రాంత కళాశాలల తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని.