త్రాసును మౌస్ అనుకున్న కంప్యూటర్

కరెంటు పోయి వచ్చాక, ల్యాబులో తూకం వేసే బ్యాలెన్స్ పక్కనున్న పాత కంప్యూటర్ మళ్లీ ఆన్ అవుతుంది. విండోస్ ఎక్స్‌పీ తెర వచ్చీ రాగానే బాణం గుర్తు దానంతటదే ఎడమకు, కిందికి జారిపోతుంది. మౌస్ పట్టుకుని పైకి లాగితే ఒక్క క్షణం ఆగి మళ్లీ అదే దారి పడుతుంది. మధ్యలో ఐకాన్లు ఎంపికైపోతుంటాయి, చోటు మారిపోతుంటాయి. "అన్నా, మౌస్ ఆగుతలేదు, ఒకసారి ల్యాబుకు రా" అని కెమిస్టు ఫోన్ చేస్తే, "వైరు తీసి పెట్టి చూడండి మేడం" అంటాడు సిస్టమ్స్ చూసుకునే కుర్రాడు. తీసి పెట్టినా అంతే, కొత్త మౌస్ తెచ్చినా అంతే. అసలు మౌస్‌నే పీకేసినా బాణం నడుస్తూనే ఉంటుంది! ఇక వైరస్ అనుకుంటారు, ఫార్మాట్ కొడదామంటారు.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి వైపు ఉన్న మందుల కంపెనీల్లో, తూకం యంత్రాన్ని పాత కంప్యూటర్‌కు తగిలించిన ఏ ల్యాబులోనైనా రాగల తంటా ఇది. ఇందులో వైరస్ ఏమీ లేదు. బ్యాలెన్స్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే సీరియల్ కేబుల్ తీసి చూడండి, బాణం ఉన్నచోటే ఆగిపోతుంది. తూకం అంకెలు పంపుతున్న బ్యాలెన్స్‌ను విండోస్ మౌస్‌గా లెక్కగట్టింది.

ఆ పొరపాటు ఎలా జరుగుతుందో తెలియాలంటే పాత మౌస్ మాట్లాడే తీరు తెలియాలి. తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకు తగిలే మౌస్ సెకనుకు 1200 బిట్ల వేగంతో, ఒక్కో కదలికకు మూడు బైట్ల చొప్పున కబురు పంపుతుంది. బైటుకు ఏడు బిట్లు. మూడింటిలో ఏది మొదటిదో కంప్యూటర్‌కు తెలియకపోతే అంతా గల్లంతే. రైల్లో ఇంజను ఎటుందో తెలిస్తేనే వెనక పెట్టెల లెక్క తేలినట్టు, ఇక్కడ మొదటి బైటు దొరికితేనే మిగతా రెండూ అర్థమవుతాయి. అందుకని మొదటి బైటులో అన్నిటికంటే పెద్ద బిట్టు, అంటే 64 విలువ గలది, ఎప్పుడూ 1గా ఉంటుంది. తర్వాతి రెండు బైట్లలో అది 0. మొదటి బైటులోనే దాని పక్కన 32 విలువ గల బిట్టు ఎడమ మీట నొక్కారా లేదా చెబుతుంది, 16 విలువ గలది కుడి మీట సంగతి. మిగిలిన నాలుగు చిన్న బిట్లు అటూ ఇటూ, పైకీ కిందికీ ఎంత కదిలిందో చెప్పే సంఖ్యల పై భాగాలు. ఆ సంఖ్యల కింది భాగాలు రెండో బైటులోనూ మూడో బైటులోనూ వస్తాయి.

ఇప్పుడు బ్యాలెన్స్ పంపేది చూద్దాం. కూడిక గుర్తు, ఖాళీలు, అంకెలు, చుక్క, చివర గ్రాముకు గుర్తుగా చిన్న జీ అక్షరం, ఆ తర్వాత లైను ముగిసిందని చెప్పే రెండు గుర్తులు. కంప్యూటర్ లిపిలో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల సంఖ్యలు 48 నుంచి 57. చుక్క 46, కూడిక 43, ఖాళీ 32. అన్నీ 64 కంటే తక్కువే కాబట్టి వీటిలో ఏదీ మొదటి బైటులా కనబడదు, మౌస్ కబురు చదివే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, వాటిని వదిలేస్తుంది. చిన్న జీ సంఖ్య మాత్రం 103. విడగొడితే 64, 32, 4, 2, 1. అంటే డ్రైవర్ దృష్టిలో అది మొదటి బైటు, పైగా ఎడమ మీట నొక్కి ఉంది. దాని వెనకే వచ్చే లైను ముగింపు గుర్తులు 13, 10. వేగమూ ఏడు బిట్ల లెక్కా కలిసి, తప్పులు పట్టేందుకు చేర్చే ప్యారిటీ బిట్టు లేకుండా ఉందనుకుని లెక్క వేస్తే అడ్డం కదలిక 192కు 13 కలిపి 205, నిలువు కదలిక 64కు 10 కలిపి 74. 127 దాటిన సంఖ్యను మైనస్‌గా చదవాలి కనుక 205 అంటే మైనస్ 51. ఎడమ మీట నొక్కి పట్టుకుని, 51 మెట్లు ఎడమకు, 74 మెట్లు కిందికి. తూకం ఎంతైనా సరే, ప్రతి లైనుకూ ఇదే ఆజ్ఞ. మీట వదిలినట్టు కబురు ఎప్పటికీ రాదు. బాణం ఎడమ కింది మూలకు ఎందుకు జారుతుందో, దారిలో ఐకాన్లు ఎందుకు ఈడ్చుకుపోతాయో ఈ మూడు బైట్లలోనే ఉంది. బ్యాలెన్స్ వేగం 1200 కాక 2400గానో 9600గానో ఉంటే బైట్లు ముక్కలై చదవబడతాయి, బాణం ఏ దిక్కుకు దూకుతుందో చెప్పలేం.

బ్యాలెన్స్ మౌస్‌గా నమోదు కావడం వెనక ఇంకో కథ. సీరియల్ మౌస్‌కు విడిగా కరెంటు ఉండదు, పోర్టులోని సంకేతాల తీగల నుంచే తీసుకుంటుంది. ఆ తీగను ఒకసారి ఆపి మళ్లీ లేపితే మౌస్ నిద్రలేచి, తాను మౌస్‌నని చెప్పడానికి పెద్ద ఎం అక్షరం పంపుతుంది. ల్యాప్‌టాప్ అంచుకు తగిలించే బాల్‌పాయింట్ అనే రకమైతే బి పంపుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు ప్రతి సీరియల్ పోర్టులోనూ ఇలా తీగ లేపి చెవి ఒగ్గుతుంది. సరిగ్గా ఆ వేళకు బ్యాలెన్స్ ఆపకుండా లైన్లు కుమ్మరిస్తుంటే, ఆ ధారలో బి లాగానో ఎం లాగానో కనబడే బైటు ఒకటి చాలు. డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల జాబితా తెరిస్తే అసలు మౌస్ పక్కన మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్ అని ఇంకో పేరు కనబడుతుంది. ఓడల్లో వాడే జీపీఎస్ పరికరాలు, బార్‌కోడ్ రీడర్లు తగిలించినవాళ్లకూ ఇదే తలనొప్పి.

జాబితాలోని ఆ బాల్‌పాయింట్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోదు. వచ్చే బూటులో మళ్లీ కనుక్కుంటుంది. చేయాల్సింది డిసేబుల్. అప్పుడు విండోస్‌కు ఆ పరికరం గుర్తుంటుంది కానీ దాని మాట వినదు. విండోస్ ఎన్‌టీ 4లో అయితే బూట్.ఐఎన్ఐ ఫైలులో విండోస్‌ను ఎక్కించే లైను చివర /నోసీరియల్‌మైస్=కామ్1 అని రాయాలి, కామ్1 అంటే మొదటి సీరియల్ పోర్టు. ఆ స్విచ్ పుట్టింది యూపీఎస్‌ల కోసం. మౌస్ ఉందా అని పంపిన సంకేతాన్ని కొన్ని యూపీఎస్‌లు కరెంటు కట్టేయమన్న ఆజ్ఞగా తీసుకునేవి. వీటన్నిటికంటే మేలైన పని బ్యాలెన్స్ మెనూలోనే ఉంది: ఎడతెగకుండా పంపడం ఆపి, ప్రింట్ మీట నొక్కినప్పుడే ఒక్క లైను పంపేలా పెట్టడం. రోగం పుట్టే చోటే మందు వేయడం నాకెప్పుడూ ఇష్టం.

ఇంత పాత కంప్యూటర్లను ఇంకా ఎందుకు పెట్టుకోవాలి అని అడగవచ్చు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్, ఆ తర్వాత ముంబై హైవే పొడవునా మందుల కంపెనీలు, మిషన్ షాపులు వచ్చిన నేల ఇది. ఈ పని అంతా కొలత మీద నడుస్తుంది. కొలిచే పరికరం ఇరవై ఏళ్లు నిక్షేపంగా పని చేస్తుంది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం అది పుట్టినప్పటి విండోస్‌లోనే నడుస్తుంది. కంప్యూటర్ మారిస్తే సాఫ్ట్‌వేర్ మారాలి, అది మారితే లక్షల విలువ చేసే పరికరమే మారాలి. అమెరికాకు మందులు పంపే కంపెనీలకు ఇంకో కట్టుబాటు: అక్కడి మందుల నియంత్రణ సంస్థ నిబంధనగా 1997 ఆగస్టులో అమలులోకి వచ్చిన ఎఫ్‌డీఏ 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11. ఎలక్ట్రానిక్ రికార్డులు నమ్మదగినవని నిరూపించాలంటే కంప్యూటర్‌లో చేసే ప్రతి మార్పుకూ కాగితం ఉండాలి. మౌస్ డ్రైవర్ వేయడం కూడా మార్పే. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయినా ల్యాబుల్లో అది ఆగకపోవడానికి కారణం ఇదే. అలాంటి యంత్రాన్ని జాగ్రత్తగా నడిపించే టెక్నీషియన్ చేసేది చిన్న పని కాదు.

అలాంటి యంత్రాల్లో వచ్చే మిగతా మౌస్ తంటాలు తెలియాలంటే మౌస్ పుట్టుక నుంచే మొదలుపెట్టాలి. మౌస్‌ను మొదట 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన మీద బిల్ ఇంగ్లిష్ చెక్కపెట్టెతో, రెండు చక్రాలతో తయారు చేశాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని లోకానికి చూపించాడు. మైక్రోసాఫ్ట్ తన మౌస్‌ను 1983లో అమ్మకానికి పెట్టింది. కానీ విండోస్ కంటే ముందున్న డాస్‌కు మౌస్ అంటే ఏమిటో తెలియదు. కాన్ఫిగ్.సిస్‌లో మౌస్.సిస్ అనైనా, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో మౌస్.కామ్ అనైనా ఒక లైను రాసి డ్రైవర్‌ను మెమరీలోకి ఎక్కించాలి. ఎక్కాక అది 33హెచ్ అనే ఇంటరప్ట్ దగ్గర కూర్చుంటుంది. డాస్ ప్రోగ్రాములు అక్కడికే వచ్చి బాణం ఎక్కడుందో అడుగుతాయి. లేత్‌లకు, మిల్లింగ్ యంత్రాలకు డాస్ ప్రోగ్రాములతో డ్రాయింగులు పంపే పాత షాపుల్లో ఇదంతా ఇప్పటికీ పనికొచ్చే విద్యే.

అక్కడ తరచూ పడే గుంత ఇంటరప్ట్‌ల పంపకం, అంటే ఒక్కో పోర్టు కంప్యూటర్‌ను పిలవడానికి వాడే నంబర్ల పంపకం. కామ్1, కామ్3 రెండూ నాలుగో నంబరునే వాడతాయి, కామ్2, కామ్4 రెండూ మూడో నంబరును. మౌస్ కామ్1లో ఉండి, యంత్రానికి ప్రోగ్రాం పంపే కేబుల్ కామ్3లో ఉంటే, పంపడం మొదలవగానే బాణం గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది. డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా ఇది తీరదు. కేబుల్‌ను కామ్2కు మార్చితే ఒక్క నిమిషంలో తీరుతుంది. ఇంకొకటి: విండోస్ 95, 98లో డాస్ మోడ్‌కు రీస్టార్ట్ చేస్తే మౌస్ మాయమవుతుంది, ఎందుకంటే విండోస్ డ్రైవర్ విండోస్‌తో పాటే వెళ్లిపోయింది. మౌస్.కామ్ లైనును విండోస్ ఫోల్డర్లోని డాస్‌స్టార్ట్.బ్యాట్‌లో రాస్తే ఆ మోడ్‌లో మాత్రమే ఎక్కుతుంది, మిగతా వేళ మెమరీ తినదు. పాత డ్రైవర్ దొరకకపోతే ఫ్రీడాస్ వాళ్లు వాడే క్యూట్‌మౌస్ ఉచితం, చిన్నది, చక్రాన్ని కూడా గుర్తుపడుతుంది.

గుండ్రని ప్లగ్గు గల పీఎస్/2 మౌస్ 1987లో ఐబీఎం కంప్యూటర్లతో వచ్చింది. దీన్ని కంప్యూటర్ ఆన్‌లో ఉండగా పీకి పెట్టకూడదు. కొన్ని మదర్‌బోర్డుల్లో పోర్టు ఫ్యూజు పోతుంది, ఆ తర్వాత ఎన్ని మౌస్‌లు మార్చినా పలకదు. దీని కబురు మామూలుగా మూడు బైట్లే. 1996లో మైక్రోసాఫ్ట్ మౌస్‌కు చక్రం వచ్చాక నాలుగో బైటు కావలసి వచ్చింది. పాత కంప్యూటర్లు కంగారుపడకుండా ఒక రహస్య సంకేతం పెట్టుకున్నారు: డ్రైవర్ మౌస్‌కు సెకనుకు 200, తర్వాత 100, తర్వాత 80 సార్లు కబురు పంపమని వరుసగా చెబుతుంది. చక్రం ఉన్న మౌస్ ఆ వరుస వినగానే నాలుగు బైట్ల పద్ధతికి మారుతుంది. ఒకే మౌస్, కీబోర్డు, తెరను రెండు మూడు కంప్యూటర్లకు పంచే కేవీఎం స్విచ్ మధ్యలో ఉంటే ఇక్కడే తేడా కొడుతుంది. స్విచ్ తిప్పినప్పుడు మౌస్ మళ్లీ మూడు బైట్లకు దిగిపోవచ్చు, డ్రైవర్ ఇంకా నాలుగే లెక్కిస్తుంటుంది. బాణం మూలకు దూకుతుంది, మెనూలు వాటంతటవే తెరుచుకుంటాయి. విండోస్ 2000, ఎక్స్‌పీల్లో డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లోకి వెళ్లి వీల్ డిటెక్షన్ ఆపేస్తే చక్రం పోతుంది కానీ బాణం దారికొస్తుంది. బ్యాచ్ రికార్డు రాసే కంప్యూటర్‌కు చక్రం కంటే నమ్మకమే ముఖ్యం.

యూఎస్‌బీ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎన్‌టీ 4కు యూఎస్‌బీ తెలియదు. 98కి తెలుసు, అయితే మౌస్ పెట్టగానే విండోస్ సీడీ అడుగుతుంది. సీడీలోని క్యాబ్ ఫైళ్లను ముందే హార్డ్‌డిస్క్‌లో ఒక ఫోల్డర్లో వేసుకుని ఆ దారి చూపిస్తే సరి. ఓకే నొక్కడానికి మౌస్ లేదని బెంగ వద్దు, ఎంటర్ చాలు, ట్యాబ్‌తో మిగతావి తిరగవచ్చు. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ కలిపి నొక్కితే అంకెల మీటలే మౌస్‌గా పని చేస్తాయి, మౌస్ డ్రైవర్ ఎక్కేదాకా అది చాలు. డాస్‌లో యూఎస్‌బీ మౌస్ కావాలంటే బయోస్‌లో యూఎస్‌బీ లెగసీ సపోర్ట్ ఆన్ చేసి చూడాలి. చాలా బోర్డుల్లో బయోసే దాన్ని పీఎస్/2 మౌస్‌లా చూపిస్తుంది.

ఇక కంపెనీ సీడీల్లో వచ్చే మౌస్ సాఫ్ట్‌వేర్. అదనపు మీటలకు పనులు అప్పగించడానికి అవి విండోస్ డ్రైవర్ మీద ఇంకో పొరలా కూర్చుంటాయి. రిజిస్ట్రీలో మౌస్ తరగతి కింద అప్పర్‌ఫిల్టర్స్ అనే చోట వాటి పేరు చేరుతుంది. తీసేసినప్పుడు ఫైలు పోయి పేరు మిగిలిపోతే, విండోస్ లేని ఫైలును వెతికి, దొరక్క మౌస్ మొత్తాన్నే ఆపేస్తుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, 39 నంబరు లోపం. ఆ చోట మౌక్లాస్ అన్న ఒక్క పేరే ఉంచి రీస్టార్ట్ చేస్తే మౌస్ తిరిగి వస్తుంది. అయితే ముందు రిజిస్ట్రీ కాపీ తీసుకోవాలి, మౌక్లాస్‌ను చెరపకూడదు. మామూలు మౌస్‌కు విండోస్‌తో వచ్చిన డ్రైవరే చాలు. కొలత యంత్రం పక్కనున్న కంప్యూటర్‌లో ఆ సీడీ అస్సలు వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

వెతికి డౌన్‌లోడ్ చేసిన డ్రైవర్‌తో ఇంకో ముప్పుంది. మద్దతు ఆగిపోయిన విండోస్‌లోకి ఊరూపేరూ లేని సైటు నుంచి తెచ్చిన ఫైలు ఎక్కితే, దాన్ని ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. అసలు తయారీదారు సీడీ ఉంటే దాని కాపీ, విండోస్ సీడీ కాపీ, హార్డ్‌డిస్క్ మొత్తం ఇమేజి, ఈ మూడూ యంత్రం బాగున్న రోజే తీసి బీరువాలో పెట్టుకోవాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి బజారుకు వెళ్లినప్పుడు రెండు పీఎస్/2 మౌస్‌లు, ఒక పీసీఐ సీరియల్ కార్డు కొని పెట్టుకోవడం మంచిది. యూఎస్‌బీకీ పీఎస్/2కూ మధ్య పెట్టే చిన్న పచ్చ ముక్క మాత్రం అన్ని మౌస్‌లకూ పనికిరాదు. రెండు పద్ధతులూ తెలిసిన మౌస్‌కే అది పని చేస్తుంది, కాబట్టి కొట్లోనే తగిలించి చూసి తీసుకోండి.